రెండు దారులూ ఎక్కడ కలుస్తున్నాయి? – సముద్రం అడుగున గ్యాస్ బావులకు బ్యాకప్ కంట్రోల్

(కాకినాడలో ఇంజినీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థులతో మాట్లాడిన ప్రసంగం, రికార్డింగ్ నుంచి రాసినది)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వాళ్లకి వినబడుతోందా? సరే.

నాది కోనసీమ. ఇరవై ఏళ్లకు పైగా ఒకే పని చేస్తున్నాను. సముద్రం అడుగున ఉన్న బావుల వాల్వులను పైనుంచి తెరవడం, మూయడం. ఆ వాల్వుల దగ్గరికి నేను ఎప్పుడూ వెళ్లలేదు. ఎవరూ వెళ్లలేరు. డైవర్లు మహా అయితే 300 మీటర్ల లోతు దాకా పని చేస్తారు. మన కృష్ణా-గోదావరి బేసిన్‌లో 2020 డిసెంబర్‌లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఆర్ క్లస్టర్ బావులు 2,000 మీటర్ల కన్నా లోతులో ఉన్నాయి. వాటిని నడిపించే కంట్రోల్ ప్లాట్‌ఫాం అక్కడికి దాదాపు 60 కిలోమీటర్ల దూరంలో ఉంది. గాడిమొగ ఇక్కడికి ఎంత దూరమో మీకు తెలుసు. 2009 నుంచి ఈ బేసిన్‌లోని లోతు సముద్రపు గ్యాస్ అక్కడికే వచ్చి ఒడ్డెక్కుతోంది. 2024 జనవరిలో ఓఎన్‌జీసీ 98/2 బ్లాకులో కూడా ఆయిల్ మొదలైంది. అంటే ఈ సంగతి మీకు దూరపు ముచ్చట కాదు. మీలో కొందరు రేపు ఆ కంట్రోల్ రూముల్లో కూర్చుంటారు.

2,000 మీటర్ల లోతంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీద దాదాపు 200 కిలోల బరువు. చీకటి. నీళ్లు ఫ్రిజ్‌లో నీళ్లంత చల్లగా ఉంటాయి. అక్కడ ఒక వాల్వు పాతికేళ్లు మన మాట వినాలి. మన మాట అక్కడికి ఏ దారిన వెళ్తుంది, ఆ దారి తెగితే రెండో దారి ఏది? ఈ రోజు మాట్లాడేది దీని గురించే.

ముందు మొదటి దారి చెప్తాను. ప్లాట్‌ఫాం మీద ఒక కంప్యూటర్, కరెంటు ఇచ్చే యూనిట్, హైడ్రాలిక్ ప్రెజర్ ఇచ్చే యూనిట్ ఉంటాయి. హైడ్రాలిక్ ఆయిల్ అంటాం గానీ ఎక్కువ చోట్ల అది నీళ్లు, గ్లైకాల్ కలిపిన ద్రవమే. వీటినుంచి వచ్చే తీగలు, ట్యూబులన్నిటినీ ఒకే కట్టగా చుట్టి కిందికి పంపుతాం. దాన్ని అంబిలికల్ అంటారు. పేరుకు అర్థం బొడ్డుతాడు, చేసే పనీ అదే. కరెంటు తీగలు, ఫైబర్, హైడ్రాలిక్ ట్యూబులు, బావిలోకి పంపే రసాయనాల ట్యూబులు అన్నీ అందులోనే ఉంటాయి. కింద బావి తల మీద కంట్రోల్ మాడ్యూల్ అని ఒక డబ్బా ఉంటుంది. అందులో ఎ, బి అని రెండు ఎలక్ట్రానిక్ బోర్డులు. పైనుంచి ఆజ్ఞ రాగానే బోర్డు ఒక చిన్న పైలట్ వాల్వుని కదుపుతుంది. అప్పుడు హైడ్రాలిక్ ప్రెజర్ వెళ్లి పెద్ద వాల్వుని నెట్టి తెరుస్తుంది.

ఆ పెద్ద వాల్వు వెనక గట్టి స్ప్రింగ్ ఉంటుంది. ప్రెజర్ ఉన్నంతసేపే వాల్వు తెరిచి ఉంటుంది. ప్రెజర్ పోతే స్ప్రింగే మూసేస్తుంది. మీరంతా రైలెక్కినవాళ్లే. చైన్ లాగితే బ్రేకు పైపులోంచి గాలి బయటికి పోతుంది, గాలి పోతే బ్రేకు పడుతుంది. బోగీలు రెండుగా విడిపోయినా పైపు తెగి, గాలి పోయి, రెండు ముక్కలూ వాటంతట అవే ఆగుతాయి. ఆపమని ఎవరూ చెప్పక్కర్లేదు. మన వాల్వు కూడా అంతే. మూసుకోవడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు, తెరిచి ఉండటానికే సాయం కావాలి. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకోండి. తర్వాత దీనితో చాలా పనుంది.

మరి స్ప్రింగే మూసేస్తుంటే బ్యాకప్ ఎందుకు అని అడగొచ్చు. రెండు కారణాలున్నాయి.

మొదటిది, మూసిన బావి ఊరికే ఉండదు. గ్యాస్‌తో పాటు కొంత నీరు వస్తుంది. అంత ప్రెజర్‌లో గ్యాస్, నీరు కలిసి గడ్డకడతాయి. దాన్ని హైడ్రేట్ అంటాం. చూడటానికి ఐసు ముక్కలాగే ఉంటుంది, కానీ సున్నా డిగ్రీల దాకా ఆగదు. ఎక్కువ ప్రెజర్‌లో 15 డిగ్రీల దగ్గర కూడా కడుతుంది. కింద నీళ్లు ఐదు డిగ్రీల లోపే. గ్యాస్ కదులుతున్నప్పుడు వేడి ఉంటుంది, గడ్డ కట్టనివ్వని గ్లైకాల్ పంపిస్తుంటాం కాబట్టి ఇబ్బంది లేదు. ఆగిన పైపు చల్లబడుతుంది. గ్లైకాల్ పంపే వాల్వు మీద కూడా కంట్రోల్ పోయిందంటే, పైపులో గడ్డ కడితే, దాన్ని కరిగించడానికి వారాలు పట్టొచ్చు.

రెండో కారణం గురించి బయటివాళ్లకి ఎక్కువగా తెలియదు. హైడ్రాలిక్ ప్రెజర్ పోతే వాల్వు మూసుకుంటుంది, సరే. కరెంటు మాత్రమే పోతే? పైలట్ వాల్వులు ఒక్కసారి కదిలాక అక్కడే పట్టుకుని ఉండే రకం. కరెంటు పోయినా ఉన్నచోటే ఉంటాయి. అంటే బావి పారుతూనే ఉంటుంది, మనకి మాత్రం ప్రెజర్, టెంపరేచర్, ఇసుక వస్తోందా లేదా ఏమీ కనబడదు. తెరిచిన బావిని గుడ్డిగా ఎంతసేపు నడపాలి? కంట్రోల్ రూములో ఉన్నవాళ్లకి అంతకన్నా టెన్షన్ పెట్టే గంట ఇంకోటి ఉండదు. పైనుంచి హైడ్రాలిక్ లైను వదిలేసి మూసేయొచ్చు. కానీ 60 కిలోమీటర్ల సన్నటి ట్యూబులోంచి ప్రెజర్ దిగాలి, అది సెకన్ల పని కాదు. ఎంతసేపు పడుతుందో డిజైన్ దశలోనే లెక్కగట్టి పెట్టుకోవాలి.

ఇప్పుడు బ్యాకప్ దగ్గరికొద్దాం. మా మేనమామకి రొయ్యల చెరువు ఉండేది. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుందని ఈ చుట్టుపక్కల పిల్లలందరికీ తెలుసు. ఆయన జాగ్రత్తపరుడు. రెండు సెట్ల ఏరియేటర్లు పెట్టాడు, ఒకటి ఆగితే ఇంకోటి. రెండూ ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద. ఒక రాత్రి ఆ ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. అది బాధపడి నేర్చుకున్న పాఠం కాబట్టి జనరేటర్ కొన్నాడు. రెండేళ్ల తర్వాత మళ్లీ కరెంటు పోయింది. జనరేటర్ ఉంది, డీజిల్ నిండుగా ఉంది. స్టార్ట్ చేసే బ్యాటరీ చచ్చిపోయి ఉంది. అది చచ్చి ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే మధ్యలో దాంతో ఎవరికీ పని పడలేదు.

నేను చూసిన ప్రతి బ్యాకప్ వైఫల్యమూ ఈ రెండు రాత్రుల్లో ఏదో ఒకటే. ఒకటి, రెండు దారులూ ఎక్కడో ఒకచోట కలుస్తాయి, తెగేది సరిగ్గా అక్కడే. రెండు, రెండో దారి మీద ఎవరూ ఎప్పుడూ నడిచి ఉండరు.

మెక్సికో అఖాతంలో 2010 ఏప్రిల్ 20న ఏం జరిగిందో మీలో చాలామంది చదివే ఉంటారు. డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు మీద బావి అదుపు తప్పి పేలుడు జరిగింది. 11 మంది చనిపోయారు. బావి పారడం ఆగింది జూలై 15న. అది ఉత్పత్తి చేసే బావి కాదు, డ్రిల్లింగ్. అక్కడి పరికరం బ్లోఅవుట్ ప్రివెంటర్, అంటే బావి అదుపు తప్పితే మూసేసేది. కానీ బ్యాకప్ కంట్రోల్ నేర్చుకోవాలనుకునేవాళ్లకి దీన్ని మించిన కేసు లేదు. అందుకే కొంచెం నిదానంగా చెప్తాను.

ఆ పరికరానికి నీలం, పసుపు అని రెండు కంట్రోల్ పాడ్‌లు, అంటే కంట్రోల్ డబ్బాలు. రిగ్గు నుంచి కరెంటు, సిగ్నల్, హైడ్రాలిక్ మూడూ తెగిపోతే, ఏ పాడ్‌కి ఆ పాడ్ సొంత బ్యాటరీలతో, మనిషి ప్రమేయం లేకుండా, పైపుని కోసి బావిని మూసేయాలి. రెండు పాడ్‌లు, వేర్వేరు బ్యాటరీలు. కాగితం మీద ఇంతకన్నా ఏం కావాలి? అమెరికా రసాయన భద్రతా బోర్డు 2014లో ఇచ్చిన నివేదికలో తేల్చింది ఇది. నీలం పాడ్‌లో తీగలు తప్పుగా కలిపి ఉండటంతో 27 వోల్టుల బ్యాటరీ ముందే ఖాళీ అయిపోయింది. పసుపు పాడ్‌లో ఒక సోలినాయిడ్‌కి, అంటే కరెంటుతో కదిలే చిన్న వాల్వుకి, రెండు కాయిల్స్ ఉంటాయి, ఒకటి పోయినా ఇంకోటి పని చేయాలని. వాటిలో ఒకదాని తీగలు తిరగేసి కలిపారు. రెండు కాయిల్స్‌కీ ఒకేసారి కరెంటు వస్తే ఒకదాన్నొకటి ఎదిరించి వాల్వు కదలదు. అయితే ఆ పాడ్‌లోనే ఒక 9 వోల్టుల బ్యాటరీ కూడా ఖాళీ అయ్యి ఉంది. దానివల్ల ఒక కాయిల్‌కి కరెంటు రాలేదు. ఎదిరించేది లేక రెండోది పని చేసింది. ఒక తప్పుని ఇంకో తప్పు కొట్టేసింది. అలా కోసే బ్లేడ్లు బహుశా కదిలాయి. కానీ లోపల పైపు వంగి పక్కకి జరిగిపోయి ఉండటంతో పూర్తిగా కోయలేకపోయాయి.

నన్ను ఎప్పటికీ వదలని సంగతి, రెండు పాడ్‌లలోనూ తీగల తప్పే. పాడ్‌లు వేరు, బ్యాటరీలు వేరు. కానీ తీగలు కలిపే పద్ధతి ఒకటే, వాటిని పరీక్షించే పద్ధతి ఒకటే. దారులు అక్కడ కలిశాయి. డ్రాయింగులో ఎంత వెతికినా ఆ కలిసే చోటు కనబడదు. రొటీన్ పరీక్షల్లోనూ బయటపడలేదు.

మన బావుల్లో దారులు కలిసే చోట్లు ఏమిటో చూద్దాం. ఎ బోర్డు, బి బోర్డు ఒకే డబ్బాలో ఉన్నాయి. రెండింటికీ కరెంటు ఒకే అంబిలికల్‌లో వస్తుంది. చాలాసార్లు అంబిలికల్ చివర ఉండే ఒకే పెట్టెలోంచి వస్తుంది. రెండింటిలో సాఫ్ట్‌వేర్ ఒకటే. ఓడ లంగరు ఈడ్చుకుపోతే ఎ, బి అని తేడా చూడదు. నీళ్లు కూడా అంతే. సముద్రం అడుగున కరెంటుకి అసలు శత్రువు నీళ్లే. ఇన్సులేషన్‌లోకి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా దిగుతాయి. మొదట్లో గిగా ఓమ్స్‌లో ఉండే రెసిస్టెన్స్ మెగాకి, తర్వాత కిలోకి పడిపోతుంది.

ఇక్కడ మన పెద్దవాళ్లు చేసిన ఒక మంచి డిజైన్ గురించి చెప్పాలి. కిందికి పంపే కరెంటుని భూమికి కలపకుండా తేలుతూ ఉంచుతారు. రెండు తీగల్లో ఒకదానికి నీళ్లు తగిలి లీకయినా సర్క్యూట్ ఆగదు. రెండో తీగకి కూడా లీకు వస్తేనే షార్టవుతుంది. అంటే మొదటి లీకుకీ రెండో లీకుకీ మధ్య మనకి కొంత సమయం దొరుకుతుంది. పైన ఒక మీటరు ఎప్పటికప్పుడు రెసిస్టెన్స్ చూపిస్తుంటుంది. ఆ మీటరు పడిపోవడం మొదలైన రోజునే బ్యాకప్ పని మొదలుపెట్టాలి. కానీ ఉత్పత్తి బాగానే నడుస్తోంది కదా అని ఆ అలారాన్ని మ్యూట్ చేసి పెట్టిన కంట్రోల్ రూములు నేను చూశాను. కొత్త అంబిలికల్‌ని షాపులో కొనలేం. ఆర్డర్ మీద తయారవ్వాలి, వేయడానికి ప్రత్యేకమైన ఓడ రావాలి. అంతా కలిపి ఏడాది దాటడం మామూలే. ఆ ఏడాదంతా బావి బతకాలి. నేను బ్యాకప్ అంటున్నది ఆ ఏడాదిని దాటించే ఏర్పాటుని.

ఎలాంటి ఏర్పాట్లున్నాయి? అంబిలికల్‌లోనే ఖాళీ ట్యూబులు, తీగలు వదిలిపెట్టడం అన్నిటికన్నా చవక. ఫైబర్ పోతే కరెంటు తీగ మీదే సిగ్నల్ పంపడం ఇంకోటి. వేగం తగ్గుతుంది, కానీ వాల్వు మూయమని చెప్పడానికి అది చాలు. శబ్ద తరంగాలతో మాట్లాడొచ్చు. నీళ్లలో శబ్దం సెకనుకి సుమారు 1,500 మీటర్లు వెళ్తుంది, 2,000 మీటర్లు దిగడానికి సెకను పైన పడుతుంది. పంపగలిగే సమాచారం చాలా తక్కువ, ఓడల చప్పుడు అడ్డొస్తుంది. ఆర్‌ఓవీ అనే రోబోని దింపి వాల్వుని చేత్తో తిప్పినట్టు తిప్పించొచ్చు. బావి పైన నీళ్ల మీద ఒక బోయ, అంటే తేలే డబ్బా, పెట్టి, అందులోనే కరెంటు, హైడ్రాలిక్, రేడియో పెట్టి, సన్నటి గొట్టం కిందికి దింపొచ్చు. ఇది కొత్త ఊహ కాదు. పశ్చిమ ఆస్ట్రేలియా తీరంలో ఈస్ట్ స్పార్ గ్యాస్ క్షేత్రం 1996లో మనుషులు లేని బోయతోనే నడవడం మొదలుపెట్టింది. అక్కడ బోయే మెయిన్ కంట్రోల్. ఇక చివరిది, ఒక ఓడని తెచ్చి బావి మీద నిలబెట్టి, దాని మీదినుంచే ప్రెజర్, కరెంటు ఇవ్వడం.

ఓడ అనగానే అందరూ తలూపుతారు, ఎందుకంటే అది ఇప్పుడు కొనక్కర్లేదు, అవసరమైనప్పుడు అద్దెకి తెచ్చుకోవచ్చు. నేను తలూపను. 1996 నవంబర్ 6 తుపాను నేను చూశాను. మా కొబ్బరి తోటలో నిలబడిన చెట్లని లెక్కపెట్టడం తేలికయింది, పడినవి లెక్కకి రాలేదు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతం మీద ఓడని ఒకే చోట కదలకుండా నిలబెట్టడం మన చేతిలో లేదు. మంచి వాతావరణంలోనే పని చేసేదాన్ని బ్యాకప్ లెక్కలో పూర్తిగా వేసుకోకూడదు. నార్త్ సీకి రాసిన డిజైన్‌ని తెచ్చి ఇక్కడ దింపితే, అక్కడి చలికాలం లెక్క ఇక్కడి తుపాను లెక్కకి సరిపోదు. ఇక్కడి క్యాలెండర్ తెలిసినవాళ్లు ఆ టేబుల్ దగ్గర ఉండాలి. మీరు ఉండాలి.

ఓడ గురించే ఇంకో సంగతి. విదేశంలో ఒక ప్రాజెక్టు, కంపెనీ పేరు అక్కర్లేదు. అంబిలికల్‌లో హైడ్రాలిక్ ట్యూబు లీకవుతోంది. ఓడ తెచ్చి, పైనుంచి గొట్టం దింపి, ఆర్‌ఓవీతో కింద కలపాలన్నది ప్లాను. డ్రాయింగు మీద అందరం సంతకాలు పెట్టబోతున్నాం. చేరి ఏడాది కూడా కాని ఒకమ్మాయి అడిగింది, "ప్లాట్‌ఫాం మీద ఎమర్జెన్సీ బటన్ నొక్కితే ఏమవుతుంది సర్?" అని. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఓడ నుంచి వచ్చే ప్రెజర్ ప్లాట్‌ఫాం వైపు పోకుండా మేం మధ్యలో ఒక నాన్-రిటర్న్ వాల్వు పెట్టాం. బటన్ నొక్కితే ప్లాట్‌ఫాం తన లైను ఖాళీ చేసుకుంటుంది. ఆ నాన్-రిటర్న్ వాల్వుకి ఇవతల ఓడ ప్రెజర్ అలాగే నిలబడి ఉంటుంది. బావులు మూసుకోవు. ప్లాట్‌ఫాం మీద మంటలుంటే, అక్కడినుంచి ఎవరో రేడియోలో ఓడకి చెప్పాలి, ఓడ మీద ఎవరో విని లైను వదలాలి.

స్ప్రింగ్ గురించి ముందు చెప్పిన మాట గుర్తుందా? మూసుకోవడానికి ఎవరి సాయమూ అక్కర్లేని వాల్వుని, మా బ్యాకప్ సాయం కావాల్సిన వాల్వుగా మార్చేసింది. బావిని బతికించాలన్న తొందరలో దాని భద్రతని మేమే తీసేశాం. అప్పటినుంచి నేను ప్రతి డ్రాయింగు మీద మొదట రాసుకునే రూలు ఒకటుంది. మూయమని ఎవరు చెప్పినా మూసుకోవాలి, అందరూ ఒప్పుకుంటేనే తెరిచి ఉండాలి.

దాన్ని ఎలా సరిచేశామంటే, ప్లాట్‌ఫాం నుంచి ఓడకి రేడియోలో సెకనుకో సిగ్నల్ వెళ్తుంటుంది, గుండె కొట్టుకున్నట్టు. అది ఆగితే ఓడ మీది యూనిట్ తనంతట తానే ప్రెజర్ వదిలేస్తుంది. వర్షానికి రేడియో తడబడితే? అనవసరంగా బావులు మూసుకుంటాయి, హైడ్రేట్ భయం మొదలవుతుంది. ఎన్ని సెకన్లు ఆగి వదలాలన్న దాని మీద మూడు వారాలు వాదించుకున్నాం. ఆ మూడు వారాలు వృథా అని నేను ఎప్పుడూ అనుకోలేదు.

మీరు ఇంటికెళ్లి చేయగలిగే లెక్క ఒకటి ఇస్తాను. కింద హైడ్రాలిక్ ప్రెజర్ దాచుకోవడానికి అక్యుములేటర్లు పెడతాం, నైట్రోజన్ నింపిన సీసాలు. బార్ అంటే చదరపు సెంటీమీటరుకి దాదాపు ఒక కిలో. చుట్టూ ఉన్న ప్రెజర్ కన్నా 200 బార్ ఎక్కువ నుంచి 140 బార్ ఎక్కువ దాకా వాడుకుంటాం అనుకోండి. నేల మీద 100 లీటర్ల సీసా దాదాపు 30 లీటర్ల ద్రవం ఇస్తుంది. 2,000 మీటర్ల లోతులో చుట్టూ ఉన్న ప్రెజరే 200 బార్, కాబట్టి బాయిల్ సూత్రంలో రెండు వైపులా 200 కలపాలి. అదే సీసా, సరిగ్గా నింపినా, 15 లీటర్లే ఇస్తుంది. అంత ప్రెజర్‌లో నైట్రోజన్ బాయిల్ మాట కూడా సరిగ్గా వినదు, ఇంకా తక్కువే వస్తుంది. ఫ్యాక్టరీలో నేల మీద పరీక్షిస్తే అన్ని వాల్వులూ హాయిగా కదులుతాయి. కింద సగం కదిలి ఆగిపోతాయి.

ఇక ప్రశ్నలడగండి.

విద్యార్థిని: సర్, హైడ్రాలిక్స్ మొత్తం తీసేసి అంతా కరెంటుతోనే నడిపితే ఈ ఇబ్బందులు పోవా?

కొన్ని పోతాయమ్మా. నెదర్లాండ్స్ సముద్రంలో కె5ఎఫ్ అనే క్షేత్రంలో 2008 నుంచి అలాంటి బావులు నడిచాయి. 2016లో బావి లోపలి సేఫ్టీ వాల్వుని కూడా కరెంటుతోనే నడిపారు. 60 కిలోమీటర్ల ట్యూబులోంచి ప్రెజర్ దిగేదాకా కాచుకునే బాధ ఉండదు. కానీ అక్కడ వాల్వుని తెరిచి పట్టుకునేది కరెంటు. కరెంటు తెగినా నడవాలని పక్కనే బ్యాటరీ పెడతారు. ఆ బ్యాటరీ నేను చెప్పిన ఓడ లాంటిదే. పైవాళ్లు మూయమన్నప్పుడు అది వాల్వుని పట్టుకుని వేలాడకూడదు. నీ డిజైన్‌లో ఆ బ్యాటరీ ఎవరి మాట వింటుందో ముందు రాసుకో.

విద్యార్థి: ఉత్పత్తి ఆపకుండా బ్యాకప్‌ని పరీక్షించడం ఎలా సర్?

బి బోర్డుని ఖాళీగా కూర్చోబెట్టకూడదు బాబూ. ఒక నెల ఎ మీద, ఒక నెల బి మీద నడపాలి. వాల్వుని పూర్తిగా మూయకుండా కొంచెం కదిపి చూసే పద్ధతి ఉంది. ఏటా షట్‌డౌన్ వచ్చినప్పుడు మాత్రం మెయిన్‌ని నిజంగా పీకాలి. స్క్రీన్ మీద బటన్ నొక్కి మార్చడం పరీక్ష కాదు. ఒకసారి ఒక ఫ్యాక్టరీలో ఎ నుంచి బికి మార్చే పరీక్ష ముప్పై సార్లు చేశారు, ముప్పై సార్లూ పాసయింది. ఎ కేబుల్‌ని చేత్తో పీకి చూద్దామన్నాను. పీకాం. బి లేవలేదు. "నువ్వు లే" అని బికి చెప్పే ప్రోగ్రాం ఎ బోర్డులో ఉంది. ఎ బతికి ఉన్నంతకాలం అది చక్కగా చెప్తూ వచ్చింది.

రెండు బోర్డులూ ఒకదాన్నొకటి అడగకుండా నేరుగా పైకి మాట్లాడేలా మార్చడానికి నాలుగు రోజులు పట్టింది. ఐదో రోజు పొద్దున్నే మళ్లీ కేబుల్ పీకాం. ఈసారి బి లేచింది. తర్వాత బి కేబుల్ కూడా పీకి, ఎ లేస్తుందో లేదో చూశాం.